నగల పెట్టెలో గ్రీకు నాణెం

నాణేనికి బొమ్మా బొరుసూ రెండూ ఉంటాయని చిన్నపిల్లలకు కూడా తెలుసు. కాని నగలో పొదిగిన నాణేనికి సామాన్యంగా బొమ్మ ఒక్కటే కనిపిస్తుంది. బొరుసు ఒంటికి ఆనుకుని ఉండిపోతుంది. అంచు సంగతి చెప్పనే అక్కరలేదు. అది కంసాలి చుట్టిన బంగారపు కట్టులో మునిగిపోతుంది. విచిత్రమేమంటే, ఆ నాణెం అసలైనదో కాదో చెప్పే సాక్ష్యమంతా ఆ దాగిపోయిన భాగాలలోనే ఉంటుంది!

కాసులపేరు మన ఇళ్లకు కొత్త కాదు. కాసు మీద లక్ష్మీదేవి ఉందా, రాముడి పట్టాభిషేకం ఉందా, విక్టోరియా రాణి ఉందా అని చూసుకుని మురిసిపోయే ఇల్లాళ్లు మనకు తెలుసు. గ్రీసు దేశంలోనూ అంతే. అక్కడి పల్లెలలో ఒకప్పుడు పెళ్లికూతుళ్లు నాణేలను గొలుసులకు గుచ్చి రొమ్మునిండా వేలాడదీసుకునేవారు. పుట్టింటివారు ఎంత ఇచ్చారో చూసినవారికి లెక్కతో సహా తెలిసేది. ఐరోపాలోని కలవారి ఇళ్లలో ఉంగరాలకూ, చొక్కా గుండీలకూ, బ్రోచీలకూ, పతకాలకూ ప్రాచీన గ్రీకు నాణేలు పొదిగించుకోవటం ఒక వేడుకగా ఉండేది. అటువంటి నగలు తల్లి నుంచి కూతురికీ, అత్త నుంచి కోడలికీ చేతులు మారుతూ వస్తున్నవి. పెట్టె మారినా, ఊరు మారినా, ఆ పతకంలోని బొమ్మ ఎవరిదో అడిగేవారుండరు. "అమ్మమ్మగారి పతకం" అనటంతో సరి.

తీరా ఆ అమ్మమ్మగారు పోయిన తరువాత అసలు చిక్కు మొదలవుతుంది. ముగ్గురు మనుమరాళ్లు పెట్టె తెరిచారనుకోండి. గాజులు పంచుకోవచ్చు, గొలుసులు తూచుకోవచ్చు. ఒక్క పతకాన్ని ముగ్గురెలా పంచుకుంటారు? "కరిగించి తూకం ప్రకారం పంచుకుందాం" అంటుంది పెద్దది. "ఉన్నదున్నట్టు అమ్మేద్దాం" అంటుంది రెండవది. "అసలది ఏమిటో తెలుసుకోకుండానే?" అంటుంది చిన్నది. చిన్నది అడిగినదే సరైన ప్రశ్న. ఎందుకంటే ఒకసారి మూసలో పడ్డ నాణేన్ని మళ్లీ నాణెంగా చేయటం బ్రహ్మతరం కూడా కాదు.

నాణెం నగ ఎందుకయింది?

ఇది నిన్న మొన్నటి అలవాటు కాదు. రెండవ శతాబ్దంలో రోములో పొంపోనియసు అనే న్యాయశాస్త్రవేత్త ఉండేవాడు. పాతకాలపు బంగారు, వెండి నాణేలను జనం రత్నాల మాదిరిగా వాడుకుంటారనీ, కనుక అటువంటి నాణేలను అనుభవించే హక్కు మాత్రం వేరుగా వీలునామాలో రాయవచ్చుననీ ఆయన చెప్పాడు. అంటే పెట్టుకుని మురవవచ్చు; సొంతం చేసుకుని అమ్ముకోవటానికి వీలులేదు. మనం పైన చెప్పుకున్న ముగ్గురు మనుమరాళ్ల తగాదా వంటిది పద్దెనిమిది వందల ఏళ్ల కిందటే న్యాయవాదుల దాకా వెళ్లిందన్నమాట!

కొందరికి నాణెం అలంకారం అయితే, మరికొందరికి అది రక్షరేకు. నాల్గవ శతాబ్దం చివర అంతియొకయ నగరంలో జాన్ క్రిసోస్టం అనే ప్రసిద్ధ క్రైస్తవ గురువు తన శ్రోతలను మందలించాడు. మాసిడోనియా అలెగ్జాండరు బొమ్మగల రాగి నాణేలను తలకూ కాళ్లకూ కట్టుకుంటే మేలు జరుగుతుందని నమ్ముతున్నారేమని ఆయన ఆక్షేపణ. అలెగ్జాండరు చనిపోయి అప్పటికి ఏడువందల ఏళ్లు. అయినా లోకాన్ని జయించినవాడి బొమ్మ ఒంటిమీద ఉంటే దిష్టి తగలదని జనం ధైర్యం. మన పిల్లల మొలతాటికి కట్టే తాయెత్తుకూ దానికీ ఆట్టే దూరం లేదు.

ఆ తరువాత చాలాకాలానికి, పందొమ్మిదవ శతాబ్దంలో, రోములోని కాస్తెల్లానీ కుటుంబంవారు ప్రాచీనుల నగలను చూసి అదే పద్ధతిలో కొత్త నగలు చేయసాగారు. 1814లో ఫోర్తునాతో పియో కాస్తెల్లానీ పెట్టిన దుకాణం అది. వారి నగలతోపాటు పాత నాణేలు పొదిగిన నగలకు కూడా ఐరోపాలో గిరాకీ పెరిగింది. ఇరవయ్యవ శతాబ్దంలో, 1960ల కాలంలో, బుల్గారీ వారు ఆ వేడుకను మళ్లీ లేవనెత్తారు. ఆ దుకాణం స్థాపించిన సోతీరియో బుల్గారీ స్వయంగా గ్రీకువాడే; ఎపిరసు ప్రాంతం నుంచి రోముకు వలస వచ్చినవాడు. వారి నగలలో ఒక మంచి ఆచారం ఉంది. పొదిగిన నాణెం ఎక్కడిదో, ఏ రాజుదో నగ వెనుక చెక్కేవారు. ఆ ఒక్క పని అందరూ చేసి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరమే ఉండేది కాదు.

ముందుగా బొమ్మను చూడండి

గ్రీకు నాణేలు వేల రకాలు. ప్రతి పట్టణమూ ఒక చిన్న రాజ్యం. ప్రతి రాజ్యానికీ తనదైన టంకసాల. అయినా నగలలో తరచు కనిపించేవి నాలుగైదు రకాలే. వాటిని గుర్తుపట్టటానికి పాండిత్యం అక్కరలేదు. ఒక భూతద్దం, కాస్త ఓపిక చాలు.

మొదటిది గుడ్లగూబ. ఒకవైపు శిరస్త్రాణం పెట్టుకున్న ఎథీనాదేవి తల. రెండవవైపు మన వంకే గుడ్లు మిటకరించి చూసే గుడ్లగూబ. దాని వెనుక ఆలివు రెమ్మ, చిన్న నెలవంక. ఇది ఏథెన్సు నగరపు నాలుగు ద్రాఖ్మాల వెండి నాణెం. క్రీస్తుకు పూర్వం ఐదవ శతాబ్దంలో లారియం గనుల వెండితో లెక్కలేనన్ని కొట్టారు. తూకం దాదాపు 17.2 గ్రాములు; మన లెక్కలో తులంన్నరకు కాస్త తక్కువ. మన ఊళ్లలో గుడ్లగూబ ఇంటిమీద వాలితే శాంతి చేయిస్తారు. అక్కడ అది జ్ఞానదేవత పక్షి, మంగళకరం. "ఏథెన్సుకు గుడ్లగూబలను మోసుకుపోయినట్టు" అని గ్రీకులకు ఒక సామెత కూడా ఉంది. అక్కడ వాటికి కరువేమిటి అని భావం.

రెండవది సింహపు తల. ఒక యువకుడు సింహం తోలును తలపాగాలా కప్పుకుని ఉంటాడు. వెనుకవైపు సింహాసనం మీద కూర్చున్న జ్యూసు దేవుడు, ఆయన చేతిమీద గద్ద. దీన్ని చూడగానే "అలెగ్జాండరు బొమ్మ" అంటారు. నిజానికి ఆ సింహం తోలు కప్పుకున్నవాడు హెర్క్యులీసు. నాణెం మాత్రం అలెగ్జాండరుదే. ఆయన క్రీ. పూ. 323లో చనిపోయాడు. కాని అతని పేరుతో నాణేలు కొట్టటం మాత్రం కొన్ని పట్టణాలలో రెండు శతాబ్దాలకు పైగా సాగింది. వర్తకులకు అలవాటైన నాణెం గదా! అందువల్ల నగలో అలెగ్జాండరు నాణెం కనపడగానే అది ఆయన బతికి ఉండగా కొట్టినదని పొంగిపోకూడదు. అలెగ్జాండరు ముఖాన్ని నిజంగా చూడాలంటే ఆయన సేనాని లిసిమాకసు నాణెం వెదకాలి. అందులో అలెగ్జాండరు చెవిమీదుగా పొట్టేలు కొమ్ము మెలి తిరిగి ఉంటుంది. ఆమన్ దేవుడి కుమారుడనటానికి అది గుర్తు.

మూడవది రెక్కల గుర్రం. ఇది కొరింథు పట్టణపు స్టేటరు. తూకం సుమారు 8.6 గ్రాములు. గుర్రం పేరు పెగాససు. గ్రీకులు ఈ నాణేలను ముద్దుగా "గుర్రప్పిల్లలు" అనేవారు. గుర్రం కాళ్లకింద చూడండి. గుండ్రని తలకు కింద నిలువుగీత గీసినట్టు ఒక అక్షరం ఉంటే అది కొరింథుది. వేరే అక్షరం ఉంటే కొరింథువారు వలసపోయి కట్టుకున్న మరో పట్టణానిది కావచ్చు. బొమ్మ ఒకటే, ఊరు వేరు. ఒక్క అక్షరంతో చిరునామా మారిపోతుంది!

నాల్గవది తాబేలు. ఏథెన్సుకు ఎదురుగా సముద్రంలో ఉన్న ఈజినా ద్వీపం నాణెం ఇది. ముందు కాలపువాటిమీద సముద్రపు తాబేలు, తరువాతి వాటిమీద నేల తాబేలు ఉంటాయి. వెనుక బొమ్మ ఉండదు. అచ్చు గుద్దిన గుంట మాత్రం ఉంటుంది. "వెనుక అరిగిపోయింది" అనుకుని పారేసేవారు కూడా ఉంటారు.

ఇక అందరికంటె అందగత్తె సిసిలీ ద్వీపంలోని సిరక్యూసుది. అరెతూసా అనే జలదేవత ముఖం, చుట్టూ ఈదులాడే నాలుగు డాల్ఫిన్లు, వెనుక నాలుగు గుర్రాల రథం. అందులో పది ద్రాఖ్మాల నాణెం 43 గ్రాముల వరకు తూగుతుంది. దాని అచ్చు చెక్కిన కిమోను, యుఎనెటసు అనే శిల్పులు తమ పేర్లు కూడా నాణెం మీద చిన్న అక్షరాలతో చెక్కుకున్నారు. అందమే దాని శత్రువు. ఇంతగా నకళ్లకు గురి అయిన నాణేలు అరుదు. నగలో అరెతూసా కనిపిస్తే సంతోషించే ముందు అనుమానించటం మంచిది.

అక్షరాలు చెప్పే మాట

గ్రీకు అక్షరాలు రాకపోయినా రెండు మూడు గుర్తులు తెలిస్తే చాలు. ఏథెన్సు గుడ్లగూబ పక్కన మూడే అక్షరాలుంటాయి. మధ్య అక్షరం సున్నాలో చుక్క పెట్టినట్టు ఉంటుంది. ఊరి పేరులోని మొదటి మూడక్షరాలవి. అలెగ్జాండరు నాణెం మీద జ్యూసు వెనుక నిలువుగా పది అక్షరాలు వరుసగా ఉంటాయి. దానికి అర్థం "అలెగ్జాండరు" అని కాదు, "అలెగ్జాండరు యొక్క" అని. గ్రీకు నాణేల మీద పేర్లు చాలావరకు ఇలా షష్ఠీ విభక్తిలోనే ఉంటాయి. నాణెం ఎవరిది? ఫలానా రాజుది, ఫలానా పట్టణపు ప్రజలది. సొంతదారు పేరు చెప్పటమే దాని ఉద్దేశం.

సంవత్సరం కోసం మాత్రం వెదకకండి. సిరియానేలిన సెల్యూకసు వంశం వంటి కొందరు తమ శకం లెక్కన ఏళ్లు వేసినా, ఎక్కువ నాణేలమీద కాలం ఉండదు. "క్రీస్తుకు పూర్వం" అని వేసిన నాణెం ఎవరైనా చూపితే నవ్వి ఊరుకోవాలి. క్రీస్తు పుట్టబోతున్నాడని ఆ టంకసాలవాడికి ఎవరు చెప్పారు?

అలాగే బొమ్మ పక్కన 925 అనే అంకె కనిపిస్తే అది ఈ కాలపు వెండి నాణ్యత ముద్ర. ఏథెన్సుకు వెళ్లిన యాత్రికులకు అమ్మే నకళ్లు ఇవి. నగ కట్టుమీద ఆ ముద్ర ఉంటే కట్టు కొత్తదని అర్థం. నాణెం మీదనే ఉంటే మాత్రం ఇక మాట్లాడవలసింది లేదు. ఈ కాలపు చలామణీ నాణేలు కూడా కొందరిని భ్రమ పెడతాయి. గ్రీసువారి ఒక యూరో నాణెం మీద ఆ ఏథెన్సు గుడ్లగూబనే ముద్రించారు. యూరో రాకముందు 1990 నుంచి కొట్టిన నూరు ద్రాఖ్మాల నాణెం మీద కొమ్ముల అలెగ్జాండరే ఉన్నాడు. వీటికి బంగారు నీరు పోసి, గొలుసుకు తగిలిస్తే, దూరం నుంచి చూసినవారు పురాతనమనే అనుకుంటారు.

కొట్టినదా, పోసినదా?

అసలు కీలకం ఇక్కడ ఉంది. ప్రాచీన గ్రీకులు నాణేలను కొట్టేవారు. కింద దిమ్మెలో ఒక అచ్చు, పైన చేతి ఉలికి మరో అచ్చు, రెంటి నడుమ వెండి బిళ్ల. పైనుంచి సమ్మెటతో దెబ్బ. చేతిపని కనుక ప్రతి నాణెమూ వేరుగా ఉంటుంది. బొమ్మ ఒకపక్కకు ఒరిగిపోతుంది. దేవత కిరీటం కొంత బయట పడిపోతుంది. దెబ్బకు అంచులు చిట్లుతాయి. గుండ్రంగా, తీరుగా, నడిమధ్యన బొమ్మతో చక్రంలా ఉన్నదంటే అదే ముందుగా అనుమానించవలసిన సంగతి. మన కంటికి లోపమనిపించేదే ఇక్కడ మంచి లక్షణం.

నకలు చేసేవాడు సామాన్యంగా అసలు నాణేన్ని మట్టిలో అద్ది, ఆ మూసలో లోహం పోస్తాడు. పోసినదానికి భూతద్దం కింద చిన్న చిన్న గాలి బుడగల గుంటలు కనిపిస్తాయి. గీతలు పదునుగా ఉండవు. అరిగిన సబ్బుబిళ్లలాగా మెత్తబడి ఉంటాయి. అంచున రెండు మూసలు కలిసిన చోట సన్నని గీత ఉంటుంది. లేదా ఆ గీతను ఆకురాయితో రాచిన గుర్తులుంటాయి. నగలో అంచు దాగిపోతుందని చెప్పానుగదా. నకిలీకి నగ ఎంత మంచి ముసుగో ఇప్పుడు గ్రహించండి.

మరొక పరీక్ష అతి సులభం, అతి నమ్మకమైనది. సమ్మెట దెబ్బ రెండుసార్లు ఒకేలా పడదు. కనుక ఒకే అచ్చునుంచి వచ్చిన రెండు నాణేలకు బొమ్మ ఒకటే అయినా ఒరుగుదల, చిట్లు, అంచు ఆకారం వేరువేరుగా ఉండాలి. చెవిజోళ్లలోనో, చొక్కా గుండీలలోనో రెండు నాణేలు మచ్చకు మచ్చ, చిట్లుకు చిట్లు సరిపోయాయంటే కనీసం ఒకటి పోసినదే. కవలపిల్లలకు కూడా ఒకేచోట దెబ్బ మచ్చలు ఉండవు!

ఇంకొక రకం మోసంకాని నకలు ఉంది. పందొమ్మిదవ శతాబ్దంలో లండనులోని బ్రిటిషు మ్యూజియంలో రాబర్టు రెడీ అనే నిపుణుడూ, ఆయన కుమారులూ విద్యుత్తు సాయంతో అసలు నాణేలకు అచ్చుగుద్దినట్టు ప్రతులు తయారు చేసేవారు. బొమ్మ ఒక రేకు, బొరుసు ఒక రేకు. రెంటినీ అతికి లోపల వేరే లోహం నింపేవారు. విద్యార్థులు చూసి నేర్చుకోవటానికి చేసినవి గనుక ఎవరినీ మోసగించకుండా అంచుమీద రెడీ పేరులోని ఇంగ్లీషు పొడి అక్షరాలు గుద్దేవారు. నగలోకి ఎక్కేటప్పటికి ఆ అంచు కట్టులో దాగిపోయింది. ఆ నిజాయితీ కూడా దాగిపోయింది. తరువాతి తరంవారికి అది అసలైన నాణెమై కూర్చుంది.

మోసానికే పుట్టినవాడు కూడా ఒకడున్నాడు. జర్మనీలో బెకరు అనేవాడు (1772-1830) నకలు పోయటం తక్కువ పని అనుకుని, స్వయంగా ఉక్కు అచ్చులు చెక్కి, నిజమైన వెండి బంగారాలతో కొట్టాడు. కొత్తదనం పోగొట్టటానికి నాణేలను ఇనుపరజనుతో కలిపి పెట్టెలో పోసి, తన బండికి తగిలించి ఊరంతా తిప్పేవాడట. పెద్దమనుషులను షికారుకు తీసుకుపోతున్నానని ఛలోక్తి. ఆయన అచ్చులు బెర్లిను మ్యూజియంవారి చేతికి చిక్కాయి కనుక ఇప్పుడు పోల్చి పట్టుకోగలుగుతున్నారు.

తూకమూ, కొరడా దెబ్బలూ

నకిలీ నాణెం ఈనాటి రోగమని అనుకోకండి. రాగి బిళ్లకు వెండి రేకు చుట్టి కొట్టిన నాణేలు ఆనాడే ఉండేవి. యుద్ధంలో వెండి కరువైనప్పుడు ఏథెన్సు ప్రభుత్వమే అటువంటివి కొట్టింది. క్రీ. పూ. 405లో ఆడిన "కప్పలు" నాటకంలో అరిస్టోఫనీసు ఆ చెడ్డ నాణేలను ఎత్తిపొడిచాడు.

క్రీ. పూ. 375-374లో ఏథెన్సువారు ఒక చట్టం చేశారు. ఆ శిలాశాసనం 1970లో ఏథెన్సు పాత బజారు తవ్వకాలలో బయటపడింది. దాని ప్రకారం నాణేల పరీక్షకుడొకడు బజారులో కూర్చోవాలి. అతడు ప్రభుత్వ బానిస. ఎవరు నాణెం తెచ్చినా పరీక్షించాలి. లోపల రాగో సీసమో ఉంటే అక్కడికక్కడే నరికి, దేవతల తల్లికి అర్పితం చేయాలి. తన పని సరిగా చేయకపోతే అతడికి 50 కొరడా దెబ్బలు! మంచి నాణేన్ని తీసుకోనన్న వర్తకుడికీ శిక్ష ఉంది. నగలోని నాణేనికి అడ్డంగా లోతైన ఉలి గాటు కనిపిస్తే "అయ్యో, పాడయింది" అనుకోవద్దు. రెండువేల ఏళ్లనాడు ఎవరో వర్తకుడు లోపలి వెండిని చూసుకున్న గుర్తు కావచ్చు అది.

ఇక తూకం. అసలు నాణేలు చాలా కట్టుదిట్టమైన తూకానికి కొట్టినవి. 17 గ్రాములు ఉండవలసినది 13 గ్రాములే ఉంటే ఏదో తేడా ఉన్నట్టే. కాని నగలో ఉండగా కట్టుతో కలిపి తూచినది లెక్కకు రాదు. నీటిలో ముంచి తూచి లోహం సాంద్రత తెలుసుకునే పద్ధతి ఒకటి ఉంది. దాన్ని చూపిన ఆర్కిమెడీసు సాక్షాత్తూ ఆ అరెతూసా ఊరు సిరక్యూసువాడే. ఆయన కథ కూడా కిరీటంలో కల్తీ గురించే గదా! వెండి నీటికి పదిన్నర రెట్లు బరువు. శుద్ధమైన బంగారం పందొమ్మిది రెట్లకు పైన. అయితే మంచి వెండితో చేసిన నకలు ఈ పరీక్షలో సులువుగా నెగ్గుతుంది. వెండి మంచిదైనంత మాత్రాన నాణెం మంచిది కాదు. కనుక ఏ ఒక్క పరీక్షనూ పట్టుకుని తీర్పు చెప్పరాదు. బొమ్మ, అక్షరం, అంచు, తూకం, ఈ నలుగురు సాక్షులూ ఒకే మాట చెప్పాలి.

చేయకూడని పనులు

పండుగ వస్తే వెండి సామానుకు చింతపండు రుద్దటం, విభూతితో తోమటం మన ఇళ్లలో ఆనవాయితీ. నగలకు కుంకుడురసం సరేసరి. పాత నాణేనికి మాత్రం ఈ మర్యాదలేవీ వద్దు. శతాబ్దాలుగా దాని మీద ఏర్పడిన నలుపుఛాయ మురికి కాదు, దాని వయస్సుకు దాఖలా. తోమితే తళతళ వస్తుంది. దానితోపాటు సన్నని గీతలు పడి, గుంటలలోని రంగు పోతుంది. ఆ తరువాత ఎంత నిపుణుడికి చూపినా సగం సాక్ష్యం చెరిగిపోయినట్టే.

రెండవది, మామూలు కంసాలి చేత కట్టు విప్పించకండి. మన కంసాలుల పనితనానికి వంక పెట్టటం కాదు. నాణేన్ని కొన్ని నగలలో కొక్కేలతో బిగిస్తారు. వాటిని మెల్లగా వంచి తీయవచ్చు. కొన్నిటిలో నేరుగా నాణేనికే టంకం పెట్టి కొక్కెం అతుకుతారు. వేడి తగిలితే నాణెం రూపే చెడుతుంది. అతుకు ఊడదీసినా మచ్చ పోదు. నాణేలు కొనేవారు అటువంటిదాన్ని "నగనుంచి తీసినది" అని ప్రత్యేకంగా రాసి వెల తగ్గిస్తారు. ఒక్కొక్కప్పుడు నాణెం కంటె దాన్ని పొదిగిన నగ పనితనమే విలువైనది కావచ్చు. మంచి కళాకారుడు చేసిన నగను నాణెం కోసం విప్పటం, పూలదండను దారం కోసం తెంపటం వంటిది.

మూడవది, తొందరపడి కరిగించకండి. వెండి గుడ్లగూబను కరిగిస్తే వచ్చేది తులంన్నర వెండి. అసలైన నాణెంగా దానికి ఉండే విలువ ముందు అది లెక్కలోకి రాదు.

మరేం చేయాలి? ముందుగా పగటి వెలుగులో రెండువైపులా ఛాయాచిత్రాలు తీయండి. అంచు కనిపించినంతవరకు దానిదీ తీయండి. పక్కన ఒక కొలబద్ద పెడితే పరిమాణం తెలుస్తుంది. ఆ ఛాయాచిత్రాలను మ్యూజియంలోని నాణేల నిపుణులకో, పేరున్న నాణేల వ్యాపారికో చూపండి. మ్యూజియంవారు సాధారణంగా వెల కట్టరు. అది ఏమిటో చెప్పటానికి సాయపడతారు. వెల చెప్పేవాడూ కొనేవాడూ ఒక్కరే కాకుండా చూసుకోవటం లౌకికజ్ఞానం. ఈనాడు లోహానికి గీటు పడకుండానే ఎక్సు కిరణాలతో పైపూత లోహాల పాళ్లు చెప్పే యంత్రాలున్నవి. గీటురాయి మీద రాయనవసరం లేదు.

చట్టాన్ని కూడా మరువరాదు. గ్రీసు దేశంలో ప్రాచీన వస్తువులను చట్టం కాపాడుతుంది. అక్కడి పొలంలో దొరికిన నాణేన్ని జేబులో వేసుకుని రావటం నేరం. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్లు దాటిన నాణేన్ని పురావస్తువుగానే లెక్కిస్తుంది. దాన్ని సొంతంగా విదేశాలకు పంపటానికి వీలులేదు. అందుకే నగ ఎప్పుడు, ఎవరి ద్వారా ఇంటికి వచ్చిందో తెలిపే పాత రసీదులూ, ఉత్తరాలూ, పెళ్లి ఛాయాచిత్రాలూ కూడా భద్రపరచాలి. పెళ్లిపీటల మీద కూర్చున్న పెళ్లికూతురి మెడలో ఆ పతకం కనిపిస్తే, అంతకంటె మంచి దస్తావేజు ఏముంది?

మనకూ గ్రీకులకూ

మనకు ఈ నాణేలతో బొత్తిగా సంబంధం లేదా? లేకేమి! అలెగ్జాండరు తరువాత వాయవ్య భారతాన్ని ఏలిన గ్రీకు రాజులు ఒకవైపు గ్రీకు, రెండవవైపు ఖరోష్ఠీ లిపి వేసి నాణేలు కొట్టారు. వారిలో మినాండరే బౌద్ధులు చెప్పుకునే మిలిందుడు. ఆ రెండు లిపుల నాణేల సాయంతోనే ప్రిన్సెపు మొదలైన పండితులు 1830లలో ఖరోష్ఠీని చదవగలిగారు. ఒకటవ శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన "ఎరిత్రియను సముద్ర యాత్ర" గ్రంథంలో, భరుకచ్ఛం రేవులో అపొలొడోటసు, మినాండరుల పాత ద్రాఖ్మాలు ఇంకా చెలామణీ అవుతున్నవని ఉంది. ఆ గ్రంథంలోనే మన తీరం "మసాలియా" పేరుతో, సన్నని బట్టలకు ప్రసిద్ధిగా కనిపిస్తుంది.

మన వైపు మాత్రం గ్రీకు నాణేలకంటె రోము నాణేలే ఎక్కువగా దొరికినవి. గుంటూరు సీమలోని వినుకొండలో రోము చక్రవర్తుల బంగారు నాణేలు దొరికినవి. మెదకు సీమ కొండాపురంలో రోము నాణేలను చూసి మట్టితో చేసిన బిళ్లలు, మెడలో వేసుకునే వీలుతో సహా, తవ్వకాలలో బయటపడ్డవి. బంగారం దొరకని తల్లి మట్టికాసుతోనైనా ముచ్చట తీర్చుకుందన్నమాట. దక్షిణదేశంలో దొరికిన రోము బంగారు నాణేలలో ఎన్నిటికో చిల్లులున్నవి. అంటే కాసులపేరు వయస్సు మనం అనుకునే దానికంటె పెద్దది.

మరొక తమాషా. గ్రీకు "ద్రాఖ్మా" సంస్కృతంలో "ద్రమ్మ" అయింది. అది ఉత్తరాదిన "దాం" అయి, దాని చిన్నది "దమ్‌డీ" అయి, చివరకు మన నోట "దమ్మిడీ" అయింది. ఏథెన్సు బజారులో కొరడా దెబ్బల భయంతో పరీక్షించిన నాణెం పేరు, "దమ్మిడీకి కొరగాడు" అని మనం ఎవరినో తిట్టేటప్పుడు నోట వస్తున్నది!

కనుక ఇంటి పెద్దలకు ఒక్క మనవి. మీ పెట్టెలో నాణెం పొదిగిన నగ ఏదైనా ఉంటే, అది గ్రీకుదే కానక్కరలేదు, ఒక చిన్న చీటీ మీద నాలుగు ముక్కలు రాసి దాని కింద పెట్టండి. ఎవరిచ్చారు, ఏ ఊళ్లో, ఏ పెళ్లికి, ఏ సంవత్సరంలో అన్నది చాలు. నాణెం మీది రాజు పేరు నిపుణులు ఎప్పుడైనా చదివి చెప్పగలరు. అది ఏ అమ్మమ్మ మెడలో వేలాడిందో మాత్రం మీరు రాస్తేనే తెలుస్తుంది.